పళ్లు లేని దెయ్యం

శుభవార్త వచ్చే వేళకి ప్రశాంతి చేతులు రెండూ గోరింటాకులో ఉన్నాయి.

పది వేళ్లకీ టోపీలు పెట్టడం అయిపోయింది. ఎడమ అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు కూడా వచ్చేశాయి. కుడి అరచేయి ఇంకా ఖాళీగానే ఉంది. సత్యదుర్గ అత్త పొద్దున్నే పెరట్లో ఆకు దూసి, కాస్త చింతపండు వేసి రోట్లో నూరిన ముద్ద. దాని పచ్చి వాసన వసారా అంతా కమ్ముకుంది. బయట జల్లు పడి వెలిసింది. కొబ్బరాకుల మీంచి చినుకులు ఇంకా ఒక్కొక్కటే రాలుతున్నాయి.

పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఆషాఢం. కొత్త కోడలూ అత్తగారూ ఈ నెల ఒకే గడప దాటకూడదని ప్రశాంతిని ఓడలరేవులో పుట్టింటికి పంపేశారు. కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదని నాగసతీష్‌ని అమలాపురంలో ఆపేశారు. రెండు ఊళ్లకీ మధ్య బస్సులో గంట పడుతుందేమో, అంతే. ఆ గంట దూరాన్ని నెల దూరం చేసిన పెద్దల మీద ప్రశాంతికి కోపం రావాలి గానీ, రాలేదు. ఎడబాటు కూడా కొత్త చీరలాగే ఉంది ఆమెకి, రోజుకోసారి మడత విప్పి చూసుకోవడానికి.

"చెయ్యి కదపకే అమ్ములూ, చందమామ చెరిగిపోద్ది," అంది అత్త. ఆ ఇంట్లో ప్రశాంతిని అమ్ములు అని పిలిచేది ఆవిడొక్కతే.

"కదపట్లేదు అత్తా. నవ్వొస్తోంది."

"దేనికి?"

"ఏమో."

"నీకు కారణం కూడానా! పొద్దున్న పిల్లి పాలన్నీ తాగేసి పోయినా నవ్వేవు."

సత్యదుర్గ ప్రశాంతి తండ్రికి అక్క. అరవై దాటాయి. భర్త పోయిన ఏడాదికే, ముప్పై ఏళ్ల కిందట, ఏటవతల ఉన్న అత్తవారి ఊరు వదిలేసి తమ్ముడి ఇంటికి వచ్చి ఉండిపోయింది. నోట్లోవి కట్టుడు పళ్లు. అసలువి బస్సు యాక్సిడెంట్లో పోయాయని ఇంట్లో చెప్పుకునే మాట. అలా కాదని తెలిసినవాళ్లు ఇద్దరే, ప్రశాంతి తండ్రి తాతారావు, ప్రశాంతి. అత్త లెక్కలో మటుకు ఇద్దరే.

పీట పక్కనున్న ఫోను మోగింది. తెర మీద నాగసతీష్ పెళ్లినాటి ఫోటో, బాసికం కాస్త పక్కకి జరిగి ఉన్నది. ఆ ఒరిగిన బాసికం కోసమే ప్రశాంతి ఆ ఫోటో పెట్టుకుంది.

అత్త వేలు పైటకొంగుకి తుడుచుకుని ఫోను తీసింది.

"అల్లుడుగారూ, నేనండి. మీ ఆవిడ చేతులకి గోరింటాకండి. స్పీకర్లో పెట్టేను, మాటాడండి."

"ఆయ్, బావున్నారా అత్తయ్యగారూ," అని ఒక్క క్షణం ఆగాడు అతను. తర్వాత గొంతు ఎగిరిపడింది. "ప్రశాంతీ, ఓకే అయిపోయిందే! ప్రొడ్యూసర్ మాణిక్యాలరావుగారు మన కథ ఓకే చేసేరు! సినిమా తీస్తారంట!"

ప్రశాంతి చేతులు రెండూ పైకెత్తి, పీట మీద కూర్చునే గుండ్రంగా తిరిగింది. లోపల్నించి తల్లి రామలక్ష్మి పరుగున వచ్చి విషయం విని, తీపి చెయ్యాలి తీపి చెయ్యాలి అంటూ మళ్లీ లోపలికి పరిగెత్తి, చేతికందిన పనసతొన ఒకటి తెచ్చి కూతురి నోట్లో పెట్టింది. తొన నములుతూ ప్రశాంతి ఏదో అంది. అవతల అతను ఏమన్నావే, ఏమన్నావే అని అడిగాడు. అత్త నవ్వింది.

"శాంపిల్ వీడియో ఒకటి చేసి చూపించేను. అది చూసే ఒప్పుకున్నారు," అన్నాడు నాగసతీష్. "రేపు పదకొండింటికి టైటిల్‌తో కలిపి యూట్యూబ్‌లో పెడుతున్నారు. నీకు వాట్సాప్‌లో పంపేను. నువ్వొక్కదానివే చూడు. సరేనా? ఒక్కదానివే."

ఒక్కదానివే అన్న మాటకి ప్రశాంతి బుగ్గలు వేడెక్కాయి. ఫోను పెట్టేశాక తల్లి అటు తిరిగి నవ్వుకుంది.

పెళ్లిచూపుల్లో నాగసతీష్ అడిగిన ప్రశ్న ఒక్కటే. మీకు ఎలాంటి సినిమాలు ఇష్టమండీ అని. దెయ్యం సినిమాలండి అంది ప్రశాంతి. రామలక్ష్మి గుండె ఆగినంత పనైంది. అతను మటుకు కాఫీ కింద పెట్టి, "ఎందుకండీ?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆ ఎందుకండీకే ఆమె పడిపోయింది.

ఎందుకంటే, రాజమండ్రిలో ఎం.ఏ. చదివేటప్పుడు ఆమె రాసిన ప్రాజెక్టు దాని మీదే. దెయ్యం సినిమాల్లో ఆడది. ఇంతకంటే మంచి టాపిక్ దొరకలేదా అమ్మా అని మేష్టారు నొచ్చుకున్నారు. ఆమె వినలేదు. నీలం అట్ట నోట్‌బుక్కు నిండా రాసింది. బతికున్నన్నాళ్లూ జడ వేసుకుని తిరిగిన పిల్ల చచ్చాక జుట్టు ఎందుకు విరబోసుకుంటుంది? ఆమెని చంపిన మగాళ్లు రెండు గంటల సినిమాలో పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌లోనే ఎందుకుంటారు? మంత్రగత్తె అనగానే పిల్లల్లేని ముసలమ్మే ఎందుకు, ఆమెకో ఇల్లో తోటో ఎందుకుంటుంది, ఆమె పోయాక అది ఎవరికి దక్కుతుంది? ఆఖర్న స్వామీజీ వచ్చి సీసాలో బిగిస్తేనో నిప్పు పెడితేనో హాల్లో చప్పట్లెందుకు?

ఇవన్నీ ఆమెకి పుస్తకాల్లో దొరికినవి కావు. చిన్నప్పట్నించీ టీవీలో దెయ్యం సినిమా వస్తే అత్త పక్కన చేరి చూసేది. ఇల్లంతా దుప్పట్లో తల దూర్చుకుంటే అత్త మటుకు దెయ్యం పక్షం. "అదేం అడుగుతోందో ఒక్కడూ వినడే," అని విసుక్కునేది. "విన్నాక కదా బిగించాలి సీసాలో."

పెళ్లయ్యాక ఈ మాటలన్నీ నాగసతీష్‌కి చెప్పింది. తల దువ్వుకున్న దెయ్యాన్ని ఎక్కడైనా చూసేరా అని అడిగితే అతను కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. అమలాపురంలో ఇంటి ముందు గదే అతని స్టూడియో. నాలుగేళ్లుగా ఊళ్లోవాళ్ల పెళ్లి వీడియోలు తీస్తూ, ఎప్పటికైనా సినిమా తియ్యాలని కలలు కంటున్న మనిషి. ఇద్దరూ కూర్చుని ఒక కథ అల్లారు. ఊరంతా మంత్రగత్తె అని వెలేసిన ఆడమనిషి కథ. ఊరు ఏం చేసినా ఆవిడ తన కొబ్బరితోట వదలదు. చివరికి ఆవిడని ఎవరూ కాల్చరు, సీసాలో బిగించరు. తోటలో నులకమంచం మీద కూర్చుని జంతికలు తింటుంది. చివరి షాటులో ఆ కరకర శబ్దం తప్ప ఇంకేం వినపడదు. ఆ కరకర అతని ఆలోచనే. అది చెప్పిన రోజు ప్రశాంతి అతన్ని ముద్దు పెట్టుకుంది, స్టూడియో తలుపు తీసి ఉందని కూడా చూడలేదు.

"చూపించవే మరి," అంది రామలక్ష్మి. "మేం కళ్లు మూసుకోవాల్సినవి ఉన్నాయా ఏంటి అందులో?"

"ఛీ, లేవమ్మా. అత్తా, నువ్వే నొక్కు. నా చేతులు చూడు."

అత్త కొంగుతో వేలు మళ్లీ తుడుచుకుని నొక్కింది.

చీకటి. ఎక్కడో ఏడుస్తున్న పసిపిల్ల. ఒక కొబ్బరితోట, పొగ. దూరంగా తెల్లచీరలో జుట్టు విరబోసుకున్న ముసలిది నడిచి వస్తోంది. మొహం దగ్గరికి వచ్చింది. నోరు తెరిచింది. నోట్లో ఒక్క పన్ను లేదు. నల్లటి గొయ్యి. ఆ గొయ్యిలోంచి, బావిలోంచి వచ్చినట్టు, ఒక గొంతు:

"నా పళ్లు నాకిచ్చెయ్యండి."

పసిపిల్ల ఏడుపు ఠక్కున ఆగింది. తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. బోసినోరు.

"అమ్మ బాబోయ్!" రామలక్ష్మి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఒళ్లు జలదరించిందే! ఆ గొంతెవరిదో గానీ... ఎక్కడ దొరికిందో పాపం అల్లుడుగారికి."

ప్రశాంతి నోట్లో పనసతొన అలాగే ఉండిపోయింది. ఆమె అత్త వంక చూడలేదు. అత్త చేతిని చూసింది. కుడి అరచేతిలో చందమామ పెట్టడానికి గోరింటాకు ముద్ద తీసుకున్న ఆ చేయి గాలిలో ఆగి ఉంది. తర్వాత మెల్లిగా వెనక్కి పోయి, ముద్దని గిన్నెలో జాగ్రత్తగా పెట్టేసింది. సత్యదుర్గ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా తడి పెరట్లోకి దిగి, కొబ్బరికాయలు దాచే కొట్టు వైపు వెళ్లిపోయింది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, అదే కొట్టులో, అత్త కట్టుడు పళ్లు తీసి చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, "ఇప్పుడు రికార్డు చేసుకో," అంది. ప్రశాంతి ఫోనులో రికార్డు నొక్కింది. అత్త చెప్పింది. భర్త పోయాడు. పక్కింటి పసివాడికి జ్వరం వచ్చి తగ్గలేదు. మరిది కన్ను తన వాటా తోట మీద ఉంది. చేతబడి చేస్తోందన్నారు. నోట్లో పళ్లు లేకపోతే మంత్రం పలకదు, పలక్కపోతే పారదు అన్నారు. నలుగురు పట్టుకున్నారు. ఒకడి చేతిలో పట్టకారు. "నొప్పి మర్చిపోయేనే," అంది అత్త. "అవి నేలమీద పడుంటే ఏరుకోనివ్వలేదు. నా పళ్లు నాకిచ్చెయ్యండి బాబూ అని అడిగేను. అంతే కదా అడిగింది." చెప్పడం అయ్యాక పళ్లు పెట్టుకుని, "నీ చదువుకి పనికొస్తే రాసుకో. పేరు రాయకు. నా గొంతు ఎవ్వరికీ వినిపించకు," అంది. ప్రశాంతి చేతిలో చెయ్యి వేసి ఒట్టేసింది.

పుట్టింటికి వచ్చిన వారానికి ఆ రికార్డు నాగసతీష్‌కి పంపింది. మన కథలో ఆవిడ ఎలా మాట్లాడాలో మీకు తెలియాలి, మీకు తప్ప ఎవరికీ కాదు అని. ఒట్టు తప్పుతున్నానని ఆమెకి తోచనేలేదు. మొగుడు ఎవరో కాదు కదా. పెళ్లయి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో ఆమె ఏది తిన్నా సగం అతనికి అట్టేపెట్టింది, ఏది విన్నా అతనికి చెప్పింది.

గోరింటాకు చేతులతోనే ఫోను నొక్కింది. తెరంతా పచ్చటి మరకలు.

"చూసేవా? ఎలా ఉంది? నిజం చెప్పు," అన్నాడు అతను.

"అది అత్త గొంతండి."

అవతల గొంతు బాగా తగ్గింది: "ఒక్కదానివే చూడమన్నాను కదే."

ప్రశాంతికి అందాకా ఒక చిన్న ఆశ ఉండేది. పొరపాటున జరిగిందంటాడేమో, ఆలోచించలేదంటాడేమో అని. ఆ ఒక్కదానివేతో అది కాస్తా పోయింది. తెలిసే చేశాడు. ఇందాక ఆ ముక్కకేనా బుగ్గలు వేడెక్కించుకున్నది!

"నేను అత్తకి ఒట్టేసేనండి. మీకు తప్ప ఎవరికీ వినిపించలేదు."

"నేనూ ఎవరి గొంతో ఎవరికీ చెప్పలేదు ప్రశాంతీ. ఎఫెక్ట్ వేసేను. ఎవరు గుర్తుపడతారు?"

"అత్త గుర్తుపట్టింది. ఏటవతల ఆ మాట విన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లు గుర్తుపట్టరా?"

"అబ్బా, నువ్వు మరీ..."

"బాబూ ఏదండీ?"

"ఏంటి?"

"నా పళ్లు నాకిచ్చెయ్యండి బాబూ అంది అత్త. బాబూ ఏది?"

అతను కాస్త తడబడ్డాడు. "అది తీసేసేను. అది ఉంటే భయం రాదే. జాలేస్తుంది."

కొబ్బరికాయల కొట్టు వైపు చూసింది ప్రశాంతి. తలుపు దగ్గరగా వేసి ఉంది.

"కథ కూడా మార్చేరా?"

"కొంచెం. మాణిక్యాలరావుగారు అడిగేరు. పిల్లల పాలపళ్లు ఎత్తుకుపోయే మంత్రగత్తె. చివర్న తోటతో సహా కాల్చేస్తారు. అసలు నీ నోట్‌బుక్కే నాకు గైడు తెలుసా! జనం దేనికి భయపడతారో వరసగా రాసేవు కదా. ఒంటరిది, పిల్లల్లేనిది, తోట ఉన్నది, జుట్టు విరబోసుకున్నది... ఒక్కటీ వదల్లేదు, అన్నీ పెట్టేను."

"అవి తప్పులని రాసేనండి నేను."

"తప్పులే. కాదన్నానా? ఆడేవి అవే కదా మరి."

రెండేళ్లు కూర్చుని ఆమె తప్పుల జాబితా రాస్తే, అతను దాన్ని వంట దినుసుల జాబితాలా చదువుకున్నాడు. ఒక్కో వాక్యం చదివి వినిపిస్తుంటే అతను తలూపిన తీరు గుర్తొచ్చింది. అప్పుడా తలూపుడు ఎంత ముద్దుగా అనిపించిందో!

"మరి జంతికలు?" అనడిగింది.

"జంతికలేంటి?"

మర్చిపోయాడు. తను చెప్పిన షాటు తనే మర్చిపోయాడు.

"ఆ గొంతు తీసెయ్యండి," అంది.

"ఆయన పడిపోయింది ఆ గొంతుకే! ఫైనల్ ఫైలు పొద్దున్న పదింటికి పంపాలి. నాలుగేళ్లు పెళ్లిళ్లలో అక్షింతలు షూట్ చేసేను ప్రశాంతీ. ఒక్కసారి తలుపు తెరుచుకుంది. పాడుచెయ్యకు. నీ పేరు కూడా వేయిస్తాను, స్పెషల్ థాంక్స్ అని. ఆషాఢం అవనీ, నువ్వు ఇంటికొచ్చాక తీరిగ్గా కూర్చుని మాటాడుకుందాం. ఈలోగా నువ్వు రాలేవు, నేను రాలేను. సరేనా?"

ఆమె సరేనని అనలేదు. ఫోను పెట్టేసింది. నూతి దగ్గరికి వెళ్లి గోరింటాకు కడిగేసుకుంది. వేళ్లు లేత నారింజ రంగులో ఉన్నాయి. ఎడమ చేతిలో చందమామ వెలిసిపోయినట్టు కనపడీ కనపడకుండా ఉంది.

కొట్టులో పీచు వాసన. అత్త కాయల రాశి పక్కన నేలమీద కూర్చుని ఉంది. స్టీలు డబ్బా ఒళ్లో ఉంది. పెదవులు లోపలికి పోయి, మొహం చిన్నదైపోయింది. ఆ మొహాన్ని ప్రశాంతి జీవితంలో రెండోసారి చూస్తోంది.

"నువ్వేనా ఇచ్చింది?"

"నేనే అత్తా."

"ఎందుకే?"

"ఆయన వేరే ఎవరో అనుకోలేదు."

అత్త డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది. "నేనూ అంతే," అంది. "నువ్వు వేరే ఎవరో అనుకోలేదు."

ప్రశాంతి అక్కడే, తడి చేతులతో, పీచులో కూలబడింది. ఏడుపు వచ్చింది గానీ ఆపుకుంది. ఇక్కడ ముందు ఏడవాల్సింది తను కాదని అనిపించింది.

"క్షమించమని అడగబోకు," అంది అత్త. "ఇప్పుడు నా వల్ల కాదు."

"అడగను."

"సినిమాల్లో దెయ్యాలకి కోరలుంటాయి కదే. నాకు ఉన్నవి కూడా పీకేసేరు. పీకినోళ్లకేం భయం లేదంట. నన్ను చూసి జనం భయపడాలంట." అత్త నవ్వబోయింది, రాలేదు. "ఇంకా ఏం చేస్తాడంట ఆ ముసలిదాన్ని?"

"కాల్చేస్తారంట. తోటతో సహా."

"తోట కూడానా," అంది అత్త. ఆ ఒక్క మాటనీ మళ్లీ మళ్లీ అనుకుంది.

గుమ్మంలో రామలక్ష్మి నిలబడి ఉంది. చేతిలో సేమ్యా పాయసం గిన్నె. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. "వదినగారూ," అంది మెల్లిగా, "బస్సు యాక్సిడెంట్ అన్నారు కదండీ..."

"బస్సు కాదు రామలక్ష్మీ. ఏ బస్సూ లేదు."

రామలక్ష్మి గిన్నె కింద పెట్టి, ఆడపడుచు పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా ఆవిడ పాదాలకి అంటిన బురద కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"అమ్మా," అంది ప్రశాంతి, "రేపు నేను అమలాపురం వెళ్తాను. ఫైలు పదింటికి పంపుతారు. అది స్టూడియో కంప్యూటర్లోనే ఉంది."

రామలక్ష్మి చెయ్యి ఆగింది. "స్టూడియో అంటే మీ అత్తారింటి ముందు గదే కదే! ఆషాఢంలో ఆ గడప ఎలా తొక్కుతావ్? మీ అత్తగారు ఏమనుకుంటారు? మంచిది కాదంటారు."

"ఆయనకీ అదే ధైర్యం. నేను రాలేననే అనుకుంటున్నాడు."

తల్లి ఇంకేదో అనబోయి, సత్యదుర్గ మొహం చూసి మానేసింది.

"నువ్వొక్కదానివీ వెళ్తే," అంది అత్త, పళ్లు లేని నోటితో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, నాలుగు తీపి మాటలు చెప్తాడు. నువ్వు కరిగిపోతావ్. నీ సంగతి నాకు తెలుసు."

ప్రశాంతి కాదనలేదు. నిజమే. ఆ ఒరిగిన బాసికం ఫోటో ఇంకా ఫోనులో అలాగే ఉంది.

"నేనూ వస్తాను. ఆ గొంతు ఎవరిదో అల్లుడుగారి ఎదురుగా, ఆ మాణిక్యాలరావుగారికి కూడా ఫోను చేయించి, నేనే చెప్తాను. అసలు మాట మొత్తం చెప్తాను. బాబూతో సహా." అత్త గోడ పట్టుకుని లేచింది. స్టీలు డబ్బా తీసుకెళ్లి గూట్లో, పాత కొడవళ్ల వెనక పెట్టింది. "తొలి బస్సు ఆరుంపావుకి. నిన్ను ఐదింటికే లేపుతాను. రామలక్ష్మీ, మాకు ఏవన్నా కట్టివ్వు, మెత్తటివి. పళ్లు ఇక్కడే ఉంటాయి. నేను ఇలాగే వస్తాను."